ఫ్లాప్

తెలుగువాడికి ఫ్లాప్ అంటే శుక్రవారం వచ్చి సోమవారానికి ఎత్తేసిన సినిమా. ఢిల్లీ ధౌలా కువాన్‌లో టీటీడీ నడిపే వెంకటేశ్వర కాలేజీ పిల్లలకైనా అంతే. ఆ చుట్టుపక్కలే ఉన్న సైనిక ఆసుపత్రి సర్జన్ల నోట మాత్రం ఆ మాట వేరు.

మన లిపిలో ఒకేలా రాస్తాం గానీ ఇంగ్లీషులో ఇవి రెండు మాటలు. సినిమాది ఆడనిది, సర్జన్‌ది ఆడేది. ఈ రెండోది మన ‘టపటప’లా చప్పుడులోంచి పుట్టిన మాట. ఒక అంచు అతుక్కుని మిగతాది కదిలేదల్లా ఫ్లాపే, కవరు మూతతో సహా.

క్యాన్సర్‌కో గాయానికో ముక్కు పోతే నుదుటి చర్మాన్ని కోసి కిందికి తిప్పి కుడతారు. అదే సర్జన్ ఫ్లాప్. పూర్తిగా తెంపరు. కనుబొమ లోపలి కొస దగ్గర రక్తనాళంతో సహా ఒక పాయ వదిలేస్తారు. దాన్ని ‘తొడిమ’ అంటే బాగుంటుందని నాకనిపిస్తుంది. సుమారు మూడు వారాలకు, కొత్తచోట రక్తం అందాక, తొడిమ కోస్తారు. చిన్న లోటైతే ముక్కు పక్క చెంప మడత చాలు.

టిప్పు సైన్యం ముక్కు కోసిన కోవాస్జీ అనే బండివాడికి పుణె ప్రాంతంలో ఇలాగే అతికించిన సంగతి 1794లో లండన్ పత్రికలో అచ్చయింది. అది చూసి కార్ప్యూ అనే సర్జన్ 1814లో లండన్‌లోనే ఆ ఆపరేషన్ చేశాడు. వీళ్లందరికీ ఎంతో ముందే మన ప్రాచీన వైద్యుడు సుశ్రుతుడు చెంప చర్మం వాడాడు, కొలతకు ఆకు పెట్టి. ఇప్పుడు చాలామంది సర్జన్లు కుట్టు దారం ప్యాకెట్ రేకును కత్తిరించి నుదుటి మీద పెడతారు.