ఆమె ఏమైందని అడిగినందుకు

మా పుంగనూరు, మదనపల్లె చుట్టుపక్కల కపిల బావులకు కొదవలేదు. బావిలో శవం తేలిందంటే ఊరు ముందు అనే మాట ఒకటే, "కాలు జారిందో, దూకిందో." 2020 మే 21న వరంగల్ పక్కన గొర్రెకుంటలోనూ జనం అదే అన్నారు.

లాక్‌డౌన్ రోజులు. గీసుగొండ మండలంలోని ఒక గన్నీ సంచుల గోదాం పక్కనే బావి. అందులో నాలుగు శవాలు తేలాయి. చాలా ఏళ్ల కిందట పశ్చిమ బెంగాల్ నుంచి వచ్చి, సంచులు కుట్టే పని చేస్తూ స్థిరపడిన పెద్దాయన, ఆయన భార్య, కూతురు, మూడేళ్ల మనవడు. పని లేదు, కూలి లేదు, సొంతూరికి పోదామంటే రైలు లేదు. దూకేసి ఉంటారన్నారు. వలస కూలీలు మూటలు నెత్తిన పెట్టుకుని నడిచిపోవడం రోజూ టీవీలో చూస్తున్న జనానికి అది నమ్మదగిన మాటే.

మర్నాడు అదే బావిలో ఇంకో అయిదు శవాలు. ఇద్దరు ఆ దంపతుల కొడుకులు. మిగతా ముగ్గురు వాళ్ల ఇంటివాళ్లు కారు. ఇద్దరు అక్కడే మేడ మీద ఉండే బీహారు కుర్రాళ్లు, ఒకతను త్రిపుర మనిషి. ఆకలికి తాళలేక ఒక కుటుంబం చచ్చిపోయిందంటే సరే. మేడ మీది బ్రహ్మచారులు కూడా వాళ్ల వెంట ఎందుకు దూకుతారు? ఆత్మహత్య మాట అక్కడితో చెల్లిపోయింది.

శవాలు వరంగల్‌లోని ఎంజీఎం ఆసుపత్రికి చేరాయి. ఒంటి మీద ఈడ్చిన గీతలున్నాయి గానీ కత్తిపోట్లు లేవు, పెనుగులాడిన జాడ లేదు. చాలామంది ప్రాణంతో ఉండగానే నీళ్లలో పడ్డారు. తొమ్మిది మందిలో ఒక్కరైనా కేక వెయ్యలేదంటే, వెయ్యగలిగే స్థితిలో లేరన్నమాట. తిన్న అన్నంలోనే ఏదో ఉంది.

కొమ్మూరి సాంబశివరావు నవలల్లో అయితే డిటెక్టివ్ యుగంధర్ ఇక్కడ సిగరెట్టు వెలిగించి ఆలోచనలో పడతాడు. అప్పటి వరంగల్ పోలీస్ కమిషనర్ వి. రవీందర్ బృందాలకు ఆ తీరిక లేదు. ఫోన్ కాల్స్ జాబితాలు ముందేసుకుని కూర్చున్నారు కొందరు. దారిలో ఉన్న సీసీ కెమెరాల దృశ్యాలు గంటల కొద్దీ చూశారు ఇంకొందరు. చూసేవాళ్ల కళ్లు మండే పని అది, కథల్లో ఎవరూ రాయరు. చివరికి ఆ కెమెరాల్లోనే ఒక మనిషి కనిపించాడు, గోదాం వైపు సైకిలు మీద పోతూ, తెల్లారాక తిరిగొస్తూ. పేరు సంజయ్ కుమార్ యాదవ్. బీహారువాడు, ఆ కుటుంబానికి బాగా తెలిసినవాడు. మే 25న అతన్ని అరెస్టు చేసి విలేకరుల ముందు నిలబెట్టారు. మొదటి శవం తేలాక నాలుగో రోజు అది.

అప్పుడు బయటపడింది అసలు కథ. చనిపోయింది తొమ్మిది మంది కాదు, పది మంది. పదో మనిషి అందరికంటే ముందే పోయింది.

ఆమె ఆ పెద్దాయన భార్యకు అక్క కూతురి వరస. భర్తకు దూరమై, పిల్లలతో వరంగల్‌లో బతుకుతూ సంజయ్‌తో కలిసి ఉంటోంది. గొడవలు పెరిగాయి. పెళ్లి సంగతి పెద్దలతో మాట్లాడదామని నమ్మించి, మార్చి మొదటి వారంలో బెంగాల్ వైపు ప్రయాణం కట్టించాడు. గరీబ్‌రథ్ రైల్లో మజ్జిగలో నిద్రమాత్రలు కలిపి ఇచ్చాడు. నిడదవోలు దగ్గర, అర్ధరాత్రి దాటాక, చున్నీ మెడకు బిగించి రైల్లోంచి తోసేశాడు. రాజమండ్రిలో దిగి వరంగల్ వచ్చేశాడు. తాడేపల్లిగూడెం రైల్వే పోలీసులకు పట్టాల పక్కన ఒక స్త్రీ శవం దొరికింది. గుర్తు తెలియని మృతదేహమని కేసు రాసుకున్నారు. ఆమె కోసం ఎవరూ రాలేదు.

అడిగేవాళ్లు ఉండరనే అతని ధైర్యం. కానీ పిన్ని అడిగింది. పిల్ల ఊరు చేరలేదట, ఏం చేశావని నిలదీసింది. పోలీసులకు చెబుతానంది. తొమ్మిది చావులకూ మూలం ఆ ప్రశ్నే.

మే 20న ఆ ఇంటి పెద్దకొడుకు పుట్టినరోజు. సంజయ్ నిద్రమాత్రలు ముందే కొని ఉంచుకున్నాడు. వాళ్ల వంటలో కలిపాడు. మేడ మీది కుర్రాళ్లు తనను చూశారు గనుక వాళ్ల తిండిలోనూ కలిపాడు. త్రిపుర మనిషి ఆ రాత్రి అక్కడ ఉండటమే పాపమైంది. అర్ధరాత్రి దాటినప్పటి నుంచి తెల్లారేలోగా ఒక్కొక్కరినీ గోనెసంచిలో ఈడ్చుకెళ్లి బావిలో పడేశాడు. మూడేళ్ల బిడ్డను కూడా. ఇంత పనీ ఒక్కడే చేశాడంటే మొదట్లో చాలామంది నమ్మలేదు. నాకూ నమ్మబుద్ధి కాలేదు. మత్తులో ఉన్న మనిషి ఎదురు తిరగడు, తెల్లారడానికి బోలెడు గంటలున్నాయి.

ఖాకీల ముందు నిందితుడు ఎంత ఒప్పుకున్నా మన చట్టం ప్రకారం కోర్టులో అది సాక్ష్యం కాదు. తెలుగు సినిమా ఇంటర్వెల్‌లోనే మరిచిపోయే సంగతి ఇది. అతను చెప్పిన ప్రతి ముక్కకూ బయట రుజువు వెతకాలి. మాత్రలు, కెమెరా దృశ్యాలు, పోస్టుమార్టం, ఇక్కడి బావి కేసుకూ అక్కడి రైల్వే పోలీసుల దస్త్రానికీ ముడి. హంతకుణ్ని పట్టుకోవడం కంటే ఈ ముడి వెయ్యడమే పెద్ద డిటెక్టివ్ పని అని నేననుకుంటాను. గోదావరి జిల్లాలో పేరు లేకుండా పోయిన ఆడమనిషికి పేరు తిరిగొచ్చింది దానివల్లే.

2020 అక్టోబరు 28న వరంగల్ కోర్టు సంజయ్ కుమార్ యాదవ్‌కు ఉరిశిక్ష వేసింది. శవాలు తేలిన నాటికీ తీర్పుకూ మధ్య నిండా ఆరు నెలలు కూడా లేవు.

కుప్పం రైల్వేస్టేషన్ గోడ మీదనో, పేపరు లోపలి పేజీలోనో "గుర్తు తెలియని మృతదేహం" అనే చిన్న ప్రకటన ఈసారి కనబడితే కాస్త ఆగి చదవండి. మీ వీధిలో, మీ మండీలో, మీ క్వారీలో పనిచేస్తూ ఉన్నట్టుండి కనిపించకుండా పోయిన మనిషి గుర్తొస్తే, దగ్గర్లోని స్టేషన్‌కు వెళ్లి చెప్పండి.