సూర్యుడి ఎత్తు కోణం: జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్

క్షితిజం నుంచి సూర్యుడు ఎంత పైన ఉన్నాడో తెలిపే కొలత ఎత్తు కోణం. ఇది వేళను, రుతువును, అక్షాంశాన్ని బట్టి మారుతుంది. హైదరాబాద్‌లో తెలుగు సినిమాకు నెలవైన జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ సుమారు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నాయి.

కారణం

భూమి అక్షం 23.4 డిగ్రీలు వాలి ఉంది. అందువల్ల సూర్యుడు నడినెత్తికి వచ్చే చోటు మకరరేఖ, కర్కటరేఖల మధ్య ఏడాది పొడవునా కదులుతుంది. ఆ రేఖల నడుమ ఉన్న ఊళ్లలో సూర్యుడు ఏటా రెండుసార్లు సరిగ్గా తలమీదికి వస్తాడు. హైదరాబాద్‌లో అది మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో జరుగుతుంది. తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే అమెరికాలోని ఎడిసన్‌లో జూన్‌లో సైతం 73 డిగ్రీల దగ్గరే ఆగిపోతాడు.

కొలతల చరిత్ర

ప్రాచీన ఖగోళ గ్రంథం సూర్యసిద్ధాంతం ఈ వాలును 24 డిగ్రీలుగా లెక్కించింది. 12 అంగుళాల శంకువును (నిలువు కొయ్యను) నిలబెట్టి, పగలూ రాత్రీ సమానమయ్యే విషువత్తు నాటి మధ్యాహ్నపు నీడను బట్టి అక్షాంశం కట్టేవారు. జూబ్లీహిల్స్‌లో ఆ నీడ సుమారు మూడుముప్పాతిక అంగుళాలు. 12వ శతాబ్దిలో మల్లికార్జున సూరి సూర్యసిద్ధాంతానికి తెలుగు వ్యాఖ్య రాశాడు. సూర్యుడు ఉత్తరానికి మళ్లేది డిసెంబరు 21–22 తేదీల్లో. భూమి అక్షం దిశ నెమ్మదిగా మారే అయనచలనం వల్ల పంచాంగంలోని మకర సంక్రాంతి మాత్రం జనవరి 14–15కు జరిగిపోయింది.

సినిమా, ఎండ

మూకీల కాలంలో ఎండే ప్రధాన దీపం. రఘుపతి వెంకయ్య 1921 ప్రాంతంలో మద్రాసులో నెలకొల్పిన స్టార్ ఆఫ్ ది ఈస్ట్ స్టూడియోకు గ్లాస్ స్టూడియో అన్న పేరుంది. 1976లో జూబ్లీహిల్స్ పక్కనే అన్నపూర్ణ స్టూడియోస్ వెలిసింది. క్రమంగా పరిశ్రమ మద్రాసు నుంచి 4.3 డిగ్రీలు ఉత్తరానికి వచ్చింది. డిసెంబరు మధ్యాహ్నపు సూర్యుడు మద్రాసులో 53.5 డిగ్రీల ఎత్తున ఉంటే ఇక్కడ 49 డిగ్రీలే. జూన్‌లో ఇది తిరగబడుతుంది: అక్కడ 79.6, ఇక్కడ 84.

చిత్రీకరణపై ప్రభావం

పది అడుగుల స్తంభానికి డిసెంబరు మధ్యాహ్నం ఉత్తరంగా దాదాపు 8.7 అడుగుల నీడ పడుతుంది. జూన్‌లో అది అడుగు పొడవే, అదీ దక్షిణంగా. నడినెత్తి ఎండలో నటుల కళ్ల కింద నల్లని నీడలు పడతాయి. అందుకే తలపైన స్కిమ్మర్ (ఎండను మెత్తబరిచే తెర) కట్టి, కింది నుంచి థర్మోకోల్‌తో వెలుగు కొడతారు. డిసెంబరులో తీసిన సీనుకు వేసవిలో ప్యాచ్‌వర్క్ (మిగిలిన షాట్లు తీసి కలపడం) చేయడం ఇంకా కష్టం. డిసెంబరు మిట్టమధ్యాహ్నపు ఎత్తుకు మే 9న సూర్యుడు ఉదయం 9.20 ప్రాంతంలోనే చేరుకుంటాడు. నీడ పొడవు కలుస్తుంది గానీ దిక్కు కలవదు: డిసెంబరులో దక్షిణాన ఉన్న సూర్యుడు అప్పుడు తూర్పున ఉంటాడు.