ఒమన్‌లో యుక్తవయసు ఆరోగ్య పాఠం

1970 జూలై 23న సుల్తాన్ ఖాబూస్ అధికారానికి వచ్చేనాటికి ఒమన్ దేశం మొత్తానికి ప్రభుత్వ బడులు మూడే. మస్కట్, మత్రా, సలాలా పట్టణాల్లోని ఆ బడుల్లో చదువుకునేది సుమారు 900 మంది, అందరూ మగపిల్లలే. ఖురాన్ నేర్పే చోట్లు తప్ప ఆడపిల్లకు చదువు దొరికే దారి లేదు. ఈడొచ్చిన పిల్లకు నెలసరి గురించి, పెళ్లి గురించి, కాన్పు గురించి తెలిసేది తల్లి, అమ్మమ్మ, మంత్రసాని చెప్పినంతవరకే. చిన్న వయసులోనే పెళ్లి, వెంటవెంటనే కాన్పులు అక్కడ మామూలు సంగతి.

అలా నోటి మాటగా అందిన జ్ఞానంలో మేలూ ఉంది, ప్రాణాంతకమైనదీ ఉంది. కాన్పయిన తర్వాత బాలింత యోనిలో రాతి ఉప్పు పెట్టే ఆచారం ఇందుకు బాధాకరమైన ఉదాహరణ. చీము పట్టకుండా ఉంటుందని, ఒళ్లు మళ్లీ బిగుస్తుందని నమ్మేవారు. ఉప్పు వల్ల లోపలి పొర పుండుపడి, మాని, ముడుచుకుపోయేది. తర్వాతి కాన్పులో బిడ్డ బయటికి రాలేక తల్లీబిడ్డా ఇద్దరూ ప్రమాదంలో పడేవారు. మత్రాలోని అమెరికన్ మిషన్ ఆసుపత్రి వైద్యులు ఇలాంటి కేసులను చూసి నమోదు చేశారు. తల్లి నుంచి కూతురికి ప్రేమతో అందిన సలహా ఇంత హాని చేయగలిగిందంటే లోపం ఆ తల్లులది కాదు, వాళ్లకు మరో మాట చెప్పే వ్యవస్థే లేకపోవడానిది.

ఆ మరో మాటకు తొలి బీజం వేసింది మిషన్ వైద్యులే. కాలు పోయి కృత్రిమ కాలితో నడిచిన డాక్టర్ శారా హాస్మన్ 1913లో మస్కట్‌లో ఆడవాళ్ల కోసం క్లినిక్ తెరిచారు. మగ వైద్యుడి ముందుకు రాలేని స్త్రీలు ఆమె దగ్గరికి వచ్చేవారు. ఆ తర్వాత డాక్టర్ వెల్స్ థామ్స్ మత్రాలో సుమారు మూడు దశాబ్దాలు పనిచేశారు. అయితే ఇదంతా రోగం వచ్చాక జరిగిన చికిత్స. కౌమారంలో ఉన్న పిల్లకు ముందే చెప్పడమనే ఆలోచనకు ఇంకా చాలా కాలం పట్టింది.

1970లో ఆరోగ్య మంత్రిత్వ శాఖ ఏర్పడింది, ఆడపిల్లల బడులు తెరుచుకున్నాయి. తీరం నుంచి కొండల్లోని పల్లెల దాకా ఆరోగ్య కేంద్రాలు వెలిశాయి. వాటిలో పనిచేయడానికి భారతదేశం నుంచి వైద్యులు, నర్సులు పెద్ద సంఖ్యలో వెళ్లారు. 1970ల ఆరంభంలో పుట్టిన ప్రతి వెయ్యిమంది పిల్లల్లో వందకు పైగా ఏడాది నిండకుండానే చనిపోయే దేశంలో, నలభై ఏళ్లకు ఆ సంఖ్య పది దగ్గరికి వచ్చింది. మానవాభివృద్ధిలో నాలుగు దశాబ్దాల కాలంలో అన్ని దేశాలకన్నా వేగంగా ముందుకు వెళ్లింది ఒమనేనని ఐక్యరాజ్యసమితి 2010 నివేదిక తేల్చింది.

పిల్లలు బతకడం మొదలైంది గానీ కాన్పుల సంఖ్య తగ్గలేదు. 1980లలో ఒక్కో స్త్రీకి సగటున ఎనిమిది మంది దాకా పిల్లలు. ఈ పరిస్థితిలోనే 1994లో ప్రభుత్వం ఎడం కాన్పుల కార్యక్రమాన్ని ఆరంభించింది. జనాభాను తగ్గించాలని గానీ ఇంతమందే చాలని గానీ అది చెప్పలేదు. కాన్పుకూ కాన్పుకూ మధ్య తల్లి కోలుకోవాలని, బిడ్డకు పాలు అందాలని చెప్పింది. బిడ్డకు రెండేళ్లు పాలివ్వమన్న ఖురాన్ వాక్యం అక్కడ ప్రతి ఇంటికీ తెలిసినదే కాబట్టి ఈ సలహా పరాయిదిగా వినిపించలేదు. దంపతులకు గర్భనిరోధక సాధనాలు ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా అందాయి. ఊళ్లలో స్వచ్ఛందంగా పనిచేసే మహిళలు ఇంటింటికీ వెళ్లి మాట్లాడారు. 1995లో ఏడు దగ్గర ఉన్న సగటు 2000 నాటికి ఐదు లోపుకు దిగింది.

ఈ మార్పు ఘనతను ఆ కార్యక్రమానికే కట్టబెట్టడం సరికాదు. అంతకుముందు పాతికేళ్లుగా బడికి వెళ్తున్న ఆడపిల్లలే అసలు కారణం. పదో తరగతి, పన్నెండో తరగతి, ఆపైన 1986లో తెరుచుకున్న సుల్తాన్ ఖాబూస్ విశ్వవిద్యాలయం - చదువు ఒక్కో మెట్టూ పెరిగిన కొద్దీ పెళ్లి వెనక్కి జరిగింది. ఇరవై లోపు కాన్పులు వేగంగా తగ్గిపోయాయి. 1997 నాటి వ్యక్తిగత హోదా చట్టం పెళ్లికి కనీస వయసును 18గా నిర్ణయించింది, జడ్జి అనుమతితో సడలింపుకు మాత్రం వీలుంచింది.

బడికి వెళ్లడం వేరు, బడిలో ఈ విషయాలు నేర్చుకోవడం వేరు. 1984లో దేశంలో తొలి హెచ్‌ఐవీ కేసు బయటపడిన తర్వాత వ్యాధి గురించి చెప్పక తప్పలేదు. యూనిసెఫ్ తోడ్పాటుతో తల్లీబిడ్డల ఆరోగ్యం, శుభ్రత, పోషణ వంటి పాఠాలు తరగతి గదుల్లోకి వచ్చాయి. అయినా ఒంట్లో వచ్చే మార్పులు, గర్భం ఎలా వస్తుందన్న విషయం మొహమాటపు తెర వెనకే ఉండిపోయాయి. 2001లో దేశవ్యాప్తంగా 3,300 మందికి పైగా సెకండరీ విద్యార్థులను, అబ్బాయిలూ అమ్మాయిలూ దాదాపు సమానంగా, ప్రశ్నించినప్పుడు ఈ లోటు బట్టబయలైంది. యుక్తవయసు మార్పుల గురించి వాళ్లకు తెలిసింది అరకొరే. గర్భం దాల్చే అవకాశమున్న రోజులేవో చాలామందికి తెలియదు. ఆడపిల్లలకు సున్తీ అవసరమేనని ఎక్కువమంది నమ్ముతున్నారు. బడి ఉన్నా పాఠం చేరలేదని ఆ సర్వే నిర్మొహమాటంగా చెప్పింది.

ఆ తర్వాతి అడుగులు కాస్త చురుగ్గా పడ్డాయి. 2004-05 విద్యాసంవత్సరంలో ఆరోగ్యాన్ని ప్రోత్సహించే పాఠశాలల పథకం కొన్ని బడుల్లో మొదలై విస్తరించింది. సున్తీ విషయంలో మాత్రం మార్పు నత్తనడకన సాగింది. పిల్లల ఆరోగ్యానికి హాని చేసే సంప్రదాయాలను 2014 బాలల చట్టం నిషేధించింది. ఆడపిల్లల సున్తీని పేరుపెట్టి ఆ జాబితాలో చేర్చింది 2019 నాటి నిబంధనలే. నమ్మకాన్ని చట్టం ఒక్కటే మార్చలేదు. 2001 సర్వేలో అవుననుకున్న ఆ అమ్మాయిలే నేటి తల్లులు. అందుకే ఈ పాఠం పిల్లలతో పాటు తల్లులకూ చేరాలి.

పెళ్లికి ముందు రక్తపరీక్షల కథ తెలుగువారికి బాగా అర్థమవుతుంది. మన మేనరికాల్లాగే ఒమన్‌లోనూ సగానికి పైగా పెళ్లిళ్లు బంధువుల మధ్యనే జరిగేవి. సికిల్ సెల్, తలసీమియా జన్యువులు ఆ దేశంలో విస్తృతంగా ఉన్నాయి. 1999లో పెళ్లికి ముందు స్వచ్ఛందంగా పరీక్ష చేయించుకునే సౌకర్యం కల్పించారు. వరుడికీ వధువుకూ ఇద్దరికీ జన్యువు ఉంటే బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. ఈ లెక్క పెళ్లి కుదిరాక చెబితే ఎవరూ వినరు. పరీక్ష గురించి పిల్లలకు బడిలోనే చెప్పాలన్న వాదనకు బలం అక్కడి నుంచే వచ్చింది.

గర్భిణులందరికీ హెచ్‌ఐవీ పరీక్ష 2009 నుంచి మామూలైంది. తల్లి నుంచి బిడ్డకు హెచ్‌ఐవీ, సిఫిలిస్ సోకడాన్ని నిర్మూలించిన దేశంగా 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒమన్‌ను గుర్తించింది. ఆ సంస్థ తూర్పు మధ్యధరా ప్రాంతంగా లెక్కించే దేశాల్లో ఈ గుర్తింపు పొందిన తొలి దేశం అదే.

ఈ విజయాలన్నీ తల్లి చుట్టూ, దంపతుల చుట్టూ అల్లుకున్నవి. గర్భనిరోధక సేవలు పెళ్లయినవారి కోసమే రూపొందాయి. పెళ్లి వెలుపలి సంబంధం 2018 శిక్షాస్మృతి ప్రకారం నేరం కూడా కావడంతో పెళ్లికాని యువత ప్రశ్న అడగడానికే జంకుతుంది. ఒమన్‌లో ఉంటున్న మన పిల్లల మాటకొస్తే, మస్కట్‌లో 1975 నుంచి నడుస్తున్న భారతీయ పాఠశాలలో, తర్వాత మరికొన్ని పట్టణాల్లో వెలిసిన అలాంటి బడుల్లో తెలుగు పిల్లలు సీబీఎస్‌ఈ పుస్తకాల్లోని కౌమార పాఠాన్ని, పునరుత్పత్తి పాఠాన్ని చదువుతున్నారు. ఆ పుటలను హడావిడిగా తిప్పేయకుండా చెప్పే టీచరు, ఇంటికొచ్చాక అడిగిన ప్రశ్నకు కసరకుండా జవాబిచ్చే అమ్మానాన్నలు - ఒమనీ పిల్లలకూ తెలుగు పిల్లలకూ ఇప్పుడు కావలసింది వీళ్లే.