గొడ్డలికి నాలుగు అణాలు: మన కత్తి కథ

 

పోయిన వారం ఓ తమ్ముడు అడిగాడు కదా, "క్యాంపుకు పోతున్నాం, అడవిలో ఆగే గట్టి కత్తి ఏది కొనాలి" అని. కింద చాలామంది లింకులు పెట్టారు. మేం పెట్టలేదు. మా హాస్టల్ రూంలో నలుగురం దుమ్ముగూడెం మండలం వాళ్లం ఉన్నాం. కత్తి అనగానే మాకు ఒక నవ్వు, ఒక భయం, రెండూ గుర్తొచ్చాయి. అందుకే ఆలస్యమైనా పెద్దగా రాస్తున్నాం. ఓపిగ్గా చదవండి.

ముందు నవ్వు సంగతి. పోయిన ఎండాకాలం మాలో ఒకడు ఆన్‌లైన్‌లో 'సర్వైవల్ కత్తి' తెప్పించాడు. నల్ల రంగు, వెనకవైపు రంపం పళ్లు, పిడి చివర మూత తిప్పితే దిక్సూచి, లోపల అగ్గిపుల్లలు, గాలం దారం. వీడియోల్లో చూసినట్టే ఉంది. ఊరికి పోయినప్పుడు పందిరి గుంజల కోసం వెదురు కొట్టబోయాం. నాలుగో దెబ్బకి పిడి చేతిలో ఉంది, కత్తి పొదలో ఉంది. పక్కనే ఉన్న తాత పిడి తీసుకుని లోపలికి చూసి, "ఇందులో దిక్సూచి పెట్టేకన్నా ఇనుము పెట్టాల్సింది" అన్నాడు. ఆ సాయంత్రం ఊరంతా మమ్మల్ని చూసి అదే మాట.

తాత చెప్పింది ఉత్త వెక్కిరింత కాదు. తర్వాత మేం చదువుకున్న ప్రతి చోటా అదే ఉంది. అడవి కత్తికి మొదటి పరీక్ష పదును కాదు, పిడిలోకి పోయే ఇనుము. కత్తి ఇనుము పిడి చివరిదాకా ఒకే ముక్కగా పోవాలి, రెండు పక్కలా చెక్క పెట్టి రివిట్లు కొట్టాలి. పిడి బోలుగా ఉంటే సన్నటి మేకు లాంటి ముక్క ఒక్కటే కత్తిని పట్టుకుని ఉంటుంది. కూరగాయలకి సరే. చేవ తేలిన కట్టె మీద దెబ్బ పడితే అంతే.

రంపం పళ్లు కూడా మనకెందుకు? కట్టె చీల్చాలంటే కత్తిని కట్టె మీద పెట్టి, దాని వెనకవైపు ఇంకో కట్టెతో కొడతాం. అక్కడ పళ్లుంటే కొట్టే కట్టె నలిగిపోతుంది. వెనకవైపు చదునుగా, అంచు తేలి ఉంటే చెకుముకి కూడా గీయొచ్చు.

అప్పుడే మేం మండలంలో ఒక కొలిమి మామ దగ్గరికి పోయాం. పేరు రాయం, ఆయనకి ఇష్టం ఉండదు. ఆయన తిత్తి ఊదేది ఇప్పుడు చేత్తో కాదు, చిన్న కరెంటు ఫ్యాన్‌తో. దాగలి మాత్రం వాళ్ల తాతది. ఆయన దగ్గర మూలకి లారీ కమాను పట్టాలు పేర్చి ఉంటాయి. "కొత్త ఇనుము వద్దు, లారీ మోసిన ఇనుమే కావాలి" అంటాడు. ఇది మూఢనమ్మకం అనుకున్నాం. కాదు. కమాను పట్టా ఉక్కులో కార్బన్ నూటికి అర పాలు పైనే ఉంటుంది. కిటికీ ఊచల ఇనుములో అందులో సగం కూడా ఉండదు, ఎంత కాల్చి ముంచినా అది గట్టిపడదు. కమాను పట్టాని ఎర్రగా కాల్చి నూనెలో ముంచితే గాజులా గట్టిపడుతుంది, గాజులాగే పెళుసవుతుంది కూడా. అందుకే మళ్లీ సన్న సెగ చూపించి, వాదర దగ్గర గడ్డి రంగు, వెనకవైపు నీలం తేలేదాకా ఉంచుతాడు. దీన్నే పానం పెట్టడం అంటారు. పానం సరిగ్గా కుదిరిందా అని ఆకురాయితో వాదర మీద గీస్తాడు. జారితే సరే, కొరికితే మళ్లీ కొలిమిలోకే.

స్టెయిన్‌లెస్ మంచిదా, మామూలు ఉక్కు మంచిదా అని కూడా గ్రూపులో గొడవ అయింది. తుప్పు విషయంలో స్టెయిన్‌లెస్‌దే పైచేయి. కానీ అడవిలో కత్తి మొద్దుబారితే మన దగ్గర ఉండేది వాగులో రాయి ఒక్కటే. ఆ రాయి మీద మామూలు ఉక్కు త్వరగా పదునెక్కుతుంది. తుప్పుకి మన ఇళ్లల్లో ఇప్ప నూనె ఉంది. కత్తికి రాస్తే వారాల తరబడి ఏం కాదు. మేం ఓటు దానికే వేస్తాం.

ఇంతవరకు కత్తి సంగతి. ఇక చరిత్ర. పిల్లలం మనం ఇనుము గురించి చదివినప్పుడల్లా టాటా పేరు, భిలాయ్ పేరు చదివాం. తెలంగాణ గడ్డ మీద ఇనుము ఎంత పాతదో పుస్తకంలో ఒక పేరా కూడా గుర్తు లేదు. గోదావరికి అవతల పినపాక మండలంలో జానంపేట దగ్గర పెద్ద పెద్ద బండలతో కట్టిన పాత సమాధులు ఉన్నాయి, మనోళ్లు రాకాసి గూళ్లు అంటారు. దక్కన్‌లో ఇట్టాంటి సమాధులు తవ్విన చోటల్లా ఇనుప కత్తులు, గొడ్డళ్లు, బాణపు మొనలు దొరికాయి. చనిపోయిన మనిషితో పాటు కత్తిని కూడా పంపారు. నిజామాబాద్ వైపు కోనసముద్రంలో మూసల్లో ఉక్కు కరిగించేవాళ్లు. 1820ల్లో హెన్రీ వాయిసీ అనే ఇంగ్లిషాయన అది కళ్లారా చూసి రాసిపెట్టాడు. పర్షియా వ్యాపారులు అంత దూరం నుంచి వచ్చి ఆ ఉక్కు దిమ్మలు కొనుక్కుపోయేవాళ్లు. డమాస్కస్ కత్తి అని ప్రపంచం మెచ్చుకున్నది ఇట్టాంటి ఉక్కుతోనే. ఇంగ్లిషులో 'వూట్జ్' అనే మాట మన 'ఉక్కు' నుంచే పోయిందంటారు.

మన ఎస్టీ జాబితా తీసి చూడండి. కోయల వరసలో 'కమ్మర కోయ' అని ఉంటుంది. సర్టిఫికెట్ కోసం ఆ జాబితా వంద సార్లు చూసి ఉంటాం, ఆ మాట దగ్గర ఎప్పుడైనా ఆగామా? ఇనుము కాల్చే పని మనలో ఒక శాఖకే పేరైంది. కత్తి మనకి బయటి నుంచి వచ్చిన సరుకు కాదు.

దాని లెక్క మాత్రం బయటివాళ్లే రాశారు. ఇక్కడ కొంచెం నెమ్మదిగా చదవండి, ఈ పోస్టు రాసిందే దీని కోసం.

1860లో నిజాం భద్రాచలం, రేకపల్లి తాలూకాలను ఇంగ్లిషు వాళ్లకి ఇచ్చేశాడు. ముందు అవి సెంట్రల్ ప్రావిన్సెస్ కింద ఎగువ గోదావరి జిల్లాలో ఉన్నాయి. మన దుమ్ముగూడెం ఆనకట్ట కట్టించింది కూడా ఆ రోజుల్లోనే, గోదావరి మీద పైదాకా పడవలు నడపాలని. ఇంజనీరు హేగ్. 1871లో డబ్బు దండగని ఆ పడవల పథకం ఆపేశారు. ఆనకట్ట మిగిలింది, మన ఊరికి పేరు మిగిలింది. 1874లో ఈ తాలూకాలను మద్రాసు ప్రెసిడెన్సీలో గోదావరి జిల్లాకి మార్చారు.

ఈ మార్పు కాగితం మీద ఒక గీతే. అడవిలో అది గొడ్డలి దాకా వచ్చింది. సెంట్రల్ ప్రావిన్సెస్ కింద ఉన్నప్పుడు రేకపల్లి వైపు పోడుకి పన్ను ఎకరాల లెక్కన కాదు, గొడ్డలి లెక్కన. గొడ్డలికి నాలుగు అణాలు. అంటే సర్కారు దృష్టిలో మనిషి అంటే పేరు కాదు, ఇల్లు కాదు, గొడ్డలి. ఇంట్లో ఎన్ని గొడ్డళ్లు ఉంటే అన్ని నాలుగు అణాలు. ఆ లెక్క మనకి అవమానంగా అనిపించింది మొదట. కానీ తర్వాత వచ్చింది చూస్తే అదే నయం. మద్రాసు వాళ్లు వచ్చాక పోడు పన్ను దాదాపు మూడింతలు చేశారు, కొన్ని అడవుల్లో అసలు నరకొద్దన్నారు. పక్కన రంపలో చిగురుపన్ను, అంటే మన చెట్టుకి మనం కల్లు గీసుకున్నందుకు పన్ను. గొడ్డలి మీద ఒకటి, గీత కత్తి మీద ఒకటి అనుకోండి. 1879లో రంపలో తిరుగుబాటు లేచింది, ఆ ఏడే రేకపల్లికి పాకింది. అక్కడ ముందు నిలబడింది అంబుల్ రెడ్డి. ఆ రేకపల్లి ఇప్పుడు ఆంధ్రాలో వి.ఆర్.పురం మండలం, 2014లో మన నుంచి విడిపోయింది. మనలో చాలామందికి అక్కడ మేనమామలున్నారు.

తిరుగుబాటు చల్లారాక 1882లో మద్రాసు అడవి చట్టం వచ్చింది. రిజర్వు గీతలు గీశారు. తప్పు కింద పట్టుకున్న కలపతో పాటు పనిముట్లను కూడా పట్టుకుపోవచ్చని అందులో ఉంది. 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అడవి చట్టంలోనూ ఆ మాట అట్టాగే ఉంది. అంటే కట్టెతో పాటు కత్తి కూడా పోతుంది. కట్టె పోతే రేపు మళ్లీ తెచ్చుకోవచ్చు. కత్తి పోతే తునికి కొమ్మలు కొట్టే పని పోతుంది, వెదురు పని పోతుంది, ఇంట్లో పొయ్యి పోతుంది. మా అమ్మమ్మలు అడవి నుంచి వచ్చేటప్పుడు కత్తిని కట్టెల మోపు లోపల దాచేవాళ్లట. మోపు దొరికితే ఇచ్చేయొచ్చు అనుకునేవాళ్లు, కత్తి మాత్రం కాదు.

1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి సీతారామరాజు, గాం గంటందొర, మల్లుదొర వాళ్లు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లకి పోయింది తుపాకుల కోసం. కత్తి, బాణం ఎంతవరకు వస్తాయో వాళ్లకి తెలుసు. సినిమాల్లో మనల్ని చూపించేటప్పుడు కత్తి తిప్పే మనిషిగా చూపిస్తారు గానీ, మన ఇళ్లల్లో కత్తి నూటికి తొంభై తొమ్మిది సార్లు వెదురు మీదే దిగుతుంది.

ఇప్పుడు భయం సంగతి. మాకు తెలిసిన ఇద్దరు తమ్ముళ్లు ఆన్‌లైన్‌లో కొన్న ఇంకో కత్తితో బస్సులో వస్తున్నారు. రెండు వైపులా పదును, పది అంగుళాల పైనే పొడవు. ఒక చోట తనిఖీలో బ్యాగు తెరిచారు. మనది సరిహద్దు ప్రాంతం, తనిఖీలు మీకు తెలిసినవే. కత్తి ఎందుకు, ఎవరికి, ఎక్కడి నుంచి అని రాత్రి దాకా కూర్చోబెట్టారు. కాలేజీ ఐడీ కార్డు చూపించినా నమ్మలేదు. ఒక తమ్ముడి నాయన కూలి పని మానుకుని వచ్చి విడిపించుకున్నాడు. ఆ తమ్ముడు పరీక్ష ఒకటి పోగొట్టుకున్నాడు. అదే బస్సులో ఒక అవ్వ సంచిలో కొడవలి, కత్తి రెండూ ఉన్నాయి, ఆమెని ఎవరూ ఏం అనలేదు.

ఎందుకో చట్టంలో వెతికాం. ఆయుధాల రూల్స్ ప్రకారం 9 అంగుళాల కన్నా పొడవు గానీ, 2 అంగుళాల కన్నా వెడల్పు గానీ ఉన్న కత్తి ఆయుధాల లెక్కలోకి వస్తుంది. ఇంటి పనికి, వ్యవసాయానికి, సైన్సు పనికి, పరిశ్రమకి చేసినవి తప్ప. అవ్వ కొడవలి ఆ 'తప్ప' లో ఉంది. తమ్ముళ్ల బాకు లేదు. ఇంకోటి కూడా గుర్తుంచుకోండి. 1972 వన్యప్రాణి చట్టంలో ఆయుధం అనే మాటకి అర్థం చెప్పిన చోట విల్లు, బాణాలతో పాటు కత్తులు కూడా రాశారు. అభయారణ్యంలోకి అనుమతి లేకుండా ఆయుధంతో పోకూడదు. అంటే పొలంలో పనిముట్టు అయిన కత్తి కిన్నెరసాని గీత దాటితే ఆయుధం అవుతుంది. కత్తి మారలేదు, మనిషి మారలేదు. క్యాంపుకి పోయే తమ్ముడు ముందు తాను పోయే చోటు అభయారణ్యమా కాదా కనుక్కోవాలి, లింకు తర్వాత. 2006 అటవీ హక్కుల చట్టంలో వెదురుని చిన్న అటవీ ఫలసాయంలో చేర్చారు, దాన్ని సేకరించే హక్కు మనకి ఉంది. ఆ కాగితం ఇంట్లో ఉంటే దాని జిరాక్స్ ఒకటి బ్యాగులో పెట్టుకోండి.

అడవి మనుషులంతా తమ చెట్టుని బట్టే కత్తి చేసుకున్నారు. మలయా వైపు పరాంగ్ ముందు బరువుగా ఉంటుంది, నేపాల్ కుక్రీ వంగి ఉంటుంది, దక్షిణ అమెరికాలో తీగలు, గడ్డి కొట్టే మచ్చెట్టీ పల్చగా, పొడుగ్గా ఉంటుంది. మన దగ్గర వెదురు, తునికి, ఎండు కట్టె. అందుకే కొలిమి మామని మేం అడిగింది ఇది: ఏడు అంగుళాల పొడవు, ఒకటిన్నర అంగుళం వెడల్పు, వెనకవైపు సుమారు నాలుగైదు మిల్లీమీటర్ల మందం, ఒకవైపే పదును, ముందు కొంచెం బరువు, ఇనుము పిడి చివరిదాకా. పిడికి తునికి చేవ. ఒర కోసం పాత స్కూలు బ్యాగు గుడ్డ కాదు, తోలు, లేకపోతే రెండు చెక్కల మధ్య. గుడ్డ ఒరలో కత్తి తొడలోకి దిగిన వాళ్లని చూశాం.

మామ మా కొలతలు విని నవ్వాడు. "ఇది మీ తాత కత్తే కదా" అన్నాడు. కాగితం మీద మేం అంత కష్టపడి గీసిన బొమ్మ పక్కన ఆయన గోడకి వేలాడే పాతదొకటి తీసి పెట్టాడు. వేలెడు తేడా లేదు.

ఆయన కొడుకు హైదరాబాద్‌లో డెలివరీ పని చేస్తున్నాడు. కొలిమి వారంలో రెండు రోజులే వెలుగుతుంది, సంత ముందు రోజు, సంత రోజు. కత్తి కావాల్సిన వాళ్లు కొలత, పిడి కట్టె, దొరికితే ఒక కమాను పట్టా ముక్క పట్టుకుని రావాలంట. ఇప్పటికి గ్రూపులో ఆరుగురు పేర్లు ఇచ్చారు. దసరా సెలవులకి మేం పోతున్నాం, ఇంకెవరైనా ఉంటే ఈ ఆదివారం లోపు కింద పేరు రాయండి. తిత్తి దగ్గర ఒక రోజు కూర్చుని పానం పెట్టడం నేర్చుకుంటాం అన్న ఇద్దరికి మామ సరే అన్నాడు, పొద్దున ఆరింటికే రావాలని షరతు పెట్టాడు.