అయస్కాంత ఆక్సైడ్ పొరలు: ఒక రసాయన పరివర్తన చరిత్ర

శబ్దాన్ని అయస్కాంతంపై నిలిపిన చరిత్రను సాధారణంగా యంత్రాల చరిత్రగానే రాస్తున్నారు. టేపుపై పూసిన గోధుమరంగు పొడి ఎలా తయారైందన్న ప్రశ్న ఆ కథనాల్లో అంచుకే పరిమితమవుతుంది. అయితే ఆ పొడి కావలసిన ఆకారంలో ఒక్క వేడితో సిద్ధించేది కాదు. ఒక ఇనుప సమ్మేళనాన్ని వరుసగా మార్చుకుంటూ వెళ్లి, సరైన చోట ఆపవలసి ఉంటుంది.

సిగరెట్ల చివర బంగారు వన్నె పట్టీలు వేసే పద్ధతిని రూపొందించిన ఫ్రిట్జ్ ఫ్లాయ్‌మర్, అదే ఒడుపుతో కాగితంపై ఇనుప పొడిని అంటించి 1928లో జర్మనీలో పేటెంటు పొందాడు. ఆ ఆలోచనను ఏఈజీ, ఐజీ ఫార్బెన్ సంస్థలు అందుకున్నాయి. 1935 బెర్లిన్ రేడియో ప్రదర్శనలో మాగ్నెటోఫోన్ వెలువడింది. మొదటి టేపులపై ఉన్నది రేడియో తీగచుట్టల కోసం తయారైన కార్బొనిల్ ఇనుము. 1936లో దాని స్థానంలోకి మాగ్నటైట్, 1939లో గామా ఫెర్రిక్ ఆక్సైడ్, అంటే మాగ్‌హెమైట్ వచ్చాయి. 1940లో వచ్చిన అధిక పౌనఃపున్య బయాస్ పద్ధతికి దక్కిన కీర్తిలో కొంత భాగమైనా ఈ పదార్థ మార్పుకు దక్కలేదు. ఇది న్యాయమైన పంపకం కాదు.

హెమటైట్, మాగ్‌హెమైట్ రెండింటిలోనూ రెండు ఇనుము పరమాణువులకు మూడు ఆక్సిజన్ పరమాణువులే. ఒకటి ఎర్రగా ఉండి అయస్కాంతానికి దాదాపుగా స్పందించదు. రెండోది బలంగా స్పందిస్తుంది. తేడా అంతా స్ఫటికంలోని అమరికదే. మాగ్‌హెమైట్ స్థిరమైన రూపం కాదు. వేడి మితిమీరితే హెమటైట్‌గా మారిపోతుంది.

1939 నాటి కణాలు ఘనాకారానివి. యుద్ధానంతరం అమెరికాలో సూదుల వంటి కణాలు వాడుకలోకి వచ్చాయి. సూది తన పొడవు దిశలోనే అయస్కాంతీకరణను నిలుపుకోవడానికి మొగ్గు చూపుతుంది. కాబట్టి నమోదు సులభంగా చెరిగిపోదు. చిక్కేమిటంటే మాగ్‌హెమైట్ తనంతట తాను సూదిగా పెరగదు. సూదిగా పెరిగేది పసుపుపచ్చని గోయిథైట్. దానిని నేరుగా వేడిచేస్తే నీరు పోయి హెమటైట్ మిగులుతుంది. ఆ హెమటైట్‌ను హైడ్రోజన్‌లో క్షయకరణం చేస్తే నల్లని మాగ్నటైట్. దానిని మితమైన వేడిలో గాలితో ఆక్సీకరణం చేస్తే మాగ్‌హెమైట్. ఈ చివరి మెట్టులో ఆక్సిజన్ చట్రం చెదరదు, ఇనుము అయాన్లే స్థానాలు మారతాయి. ఇంత జరిగినా సూది ఆకారం నిలవడమే ఈ ప్రక్రియలోని అసలు విశేషం. తెలుగు ఇళ్లలో పెన్సిలుతో తిప్పి సరిచేసుకున్న సాధారణ క్యాసెట్ల గోధుమరంగు టేపు కూడా ఈ ఆక్సైడ్ కుటుంబానిదే.

పొడికి జిగురు తప్పదు, జిగురు ఉన్నంత మేర అయస్కాంత పదార్థానికి చోటు తగ్గుతుంది. కంప్యూటర్ డిస్కుల సాంద్రత పెరిగేకొద్దీ ఈ ఇబ్బంది ముదిరింది. 1970ల చివర జపాన్ పరిశోధకులు జిగురు లేని పొరను వేసి, పాత దారినే ఆ పొరపై నడిపించారు: ముందు హెమటైట్ పొర, తర్వాత క్షయకరణం, ఆపై ఆక్సీకరణం. పొడికి దొరికిన సూత్రం స్ఫటిక పొరకూ అన్వయించింది. కాని ఆ వేడిని ప్లాస్టిక్ వంటి ఆధారాలు తట్టుకోలేవు.

దీనికి మరో దారి టోక్యో టెక్నాలజీ ఇన్‌స్టిట్యూట్‌లో దొరికింది. 1930లో యొగొరొ కాటో, తాకెషి తకేయి ఫెరైట్లపై పని చేసినదీ అక్కడే. 1983లో మసనోరి అబే, యుతాకా తమౌరా నీటి ద్రావణంలోనే ఫెరైట్ పొరను పెంచే పద్ధతిని ప్రకటించారు. ఉపరితలంపైని హైడ్రాక్సిల్ సమూహాలకు ద్వివేలన్సీ ఇనుము అయాన్లు అంటుకుంటాయి. వాటిలో కొన్ని ఆక్సీకరణం చెంది త్రివేలన్సీ రూపం దాల్చగానే స్పినెల్ పొర ఏర్పడుతుంది. ఆ పొరపై మళ్లీ హైడ్రాక్సిల్ సమూహాలు, మళ్లీ అయాన్లు. ఇదంతా నీరు మరిగే ఉష్ణోగ్రతకు లోపే జరుగుతుంది. కొలిమిలో మూడు అంచెలుగా సాగిన పరివర్తన ఇక్కడ పొర పెరుగుతున్న అంచు మీదే, పెరుగుదలతో పాటే పూర్తవుతుంది.