మెడ ఎంత తిరుగును?

వెనుకనుండి ఎవరైన పిలిచినచో తల త్రిప్పి చూతుము. ఈ చిన్న పనిని డిగ్రీలలో కొలుచుటకు వైద్యశాస్త్రమునకు చాలకాలము పట్టినది.

మన మెడలో ఏడు వెన్నుపూసలున్నవి. మొదటిది ఉంగరమువలె నుండి పుర్రెను మోయును. దీనిపేరు శీర్షధరము. రెండవదానినుండి పంటివంటి మొన పైకి లేచి ఆ ఉంగరములో దూరియుండును. తల త్రిప్పినపుడు ఉంగరము ఈ పంటిచుట్టు తిరుగును. పాఠ్యపుస్తకములలోని బొంగరపు కీలు ఇదే. చిక్కేమనగా, వెన్నుపాము కూడ ఆ ఉంగరములోనుండియే పోవును. ముందునుండి వెనుకకు గల జాగాలో మూడవవంతు పంటిది, మూడవవంతు వెన్నుపాముది, మిగిలినదే ఖాళీ యని 1968లో స్టీల్ అను అమెరికా వైద్యుడు వ్రాసెను. దెబ్బ తగిలి కీలు మితిమీరి కదలినచో కాలుసేతులు పడిపోవచ్చును, ప్రాణమే పోవచ్చును. మితమెంతో తెలియనిదే మితిమీరినదని చెప్పుట ఎట్లు?

1895 నవంబరు 8న రాంట్‌జెన్ ఎక్స్-కిరణములను కనుగొనెను. తల వంచినపు డొకటి, ఎత్తినపు డొకటి ప్రక్కనుండి చిత్రములు తీసి, రెండిటిలోను ఒకే పూస నీడలను కలిపి పెట్టినచో, దానిపై పూస ఎంత వంగినదో కోణమానినితో కొలువవచ్చును. 1957లో ఫీల్డింగ్ ఎక్స్-కిరణ చలనచిత్రములు తీసి, మెడ కదలుచుండగనే చూచెను.

తిరుగుట మాత్రము లొంగలేదు. బల్లపై ఒక గాజు నుంచి ప్రక్కనుండి దీపము చూపుడు. గాజు నెంత త్రిప్పినను గోడమీది నీడ మారదు. శీర్షధరము నిండు గుండ్రము కాదు గనుక నీడ కొంత మారును గాని, దవడ, పళ్ల నీడలలో అది కలిసిపోవును. పైనుండి చూతమన్న పుర్రె అడ్డము. శవముల మెడలను కొలిచినవారు గలరు; కాని వానికి బ్రతికిన కండరముల పట్టు ఏది?

1971 అక్టోబరు 1న లండనులో హౌన్స్‌ఫీల్డ్ నిర్మించిన యంత్రము తొలి రోగి మెదడును అడ్డుకోతలుగా చూపెను. కత్తి లేకయే పైనుండి చూచు దారి దొరికినది. 1987లో హాలండు వైద్యులు పెన్నింగ్, విల్మింక్ ఆరోగ్యవంతులను పరుండబెట్టి, తల కుడికొకమారు, ఎడమకొకమారు త్రిప్పించి, పూసపూసకు అడ్డుకోత చిత్రములు తీసిరి. పుర్రెకు, శీర్షధరమునకు నడుమ తిరుగుట ఒక డిగ్రీయే. శీర్షధరమునకు, రెండవ పూసకు నడుమ ఒక్కొక్క ప్రక్కకు సగటున 40 డిగ్రీలు! క్రింది కీళ్లన్నియు కలిసినను ఇంత లేదు.

2004లో జపానులో ఇషీ మున్నగువారు ఎక్స్-కిరణముల జోలికి పోక, అయస్కాంత ప్రతిధ్వని చిత్రములతో మరల కొలిచిరి. వారికి 36 డిగ్రీలు వచ్చినది. అంతేగాక, శీర్షధరము తిరుగుచునే రెండవ ప్రక్కకు కొంచెము ఒరుగునని కూడ తేలినది. గాజువలె చదునుగా తిరుగుట లేదన్నమాట.