గోడలో పాత నెట్‌వర్క్ తీగ: ఉంచాలా, పీకేయాలా?

బోయిన్‌పల్లిలో పాత ఆఫీసో, ట్యుటోరియలో అద్దెకు తీసుకుని కంప్యూటర్లు పెట్టుకునేవాళ్లకు గోడ వెంట పాత తీగలు కనిపిస్తే అనుమానం వస్తుంది. వాడుకోవచ్చా? అన్నీ కొత్తగా వేయించాలంటే ఖర్చు. జవాబు చాలావరకు తీగ మీదే అచ్చయి ఉంటుంది.

టీవీ కేబుల్‌లాంటి నల్ల తీగ మీద ఆర్‌జీ-58 అని ఉంటే అది సన్నరకం ఈథర్‌నెట్ తీగ కావచ్చు. వేగం సెకనుకు 10 మెగాబిట్లు, ఒక ముక్క పొడవు 185 మీటర్లు, దాని మీద 30 కనెక్షన్లు, అంతే. రెండు చివర్లా 50 ఓమ్‌ల టెర్మినేటర్ బిగించాలి. అది ఊడిందంటే సిగ్నల్ వెనక్కి తన్ని ఆ తీగ మీది కంప్యూటర్లన్నీ ఆగిపోయేవి. ఆర్‌జీ-62 అని ఉంటే ఆర్క్‌నెట్ తీగ, 93 ఓమ్‌లది. డేటాపాయింట్ కంపెనీ 1977లో తెచ్చిన ఆర్క్‌నెట్ వేగం 2.5 మెగాబిట్లే. చూపుకు రెండు తీగలూ ఒకటే, ఒకదాని బదులు ఒకటి పనికిరాదు. ఇప్పటి ఆఫీసుకైతే రెండూ తుక్కే.

అసలు తేడా డేటా పంపే తీరులో ఉంది. 1973లో జిరాక్స్ పరిశోధనశాలలో రాబర్ట్ మెట్‌కాఫ్, డేవిడ్ బాగ్స్ తయారుచేసిన ఈథర్‌నెట్‌ది దావత్‌లో మాటల పద్ధతి. ఎవరూ మాట్లాడటం లేదనిపిస్తే మొదలుపెట్టడం, ఇద్దరూ ఒకేసారి అంటే ఇద్దరూ ఆగి, తలా కాసేపు తోచినంత ఆగి మళ్లీ ప్రయత్నించడం. రద్దీ పెరిగితే ఈ ఢీకొనడాలూ పెరుగుతాయి.

ఐబీఎం 1985లో తెచ్చిన టోకెన్ రింగ్‌ది సింగిల్ లైన్ రైలు పద్ధతి. పూర్వం టోకెన్ చేతికొస్తేనే డ్రైవర్ ముందుకు కదిలేవాడు. ఇక్కడా అంతే. వలయంలో తిరిగే టోకెన్ ఎవరి దగ్గరుంటే వాళ్లే పంపాలి. ఢీకొనడం ఉండదు, వంతు ఎంతసేపట్లో వస్తుందో చెప్పొచ్చు. వేగం మొదట 4, తర్వాత 16 మెగాబిట్లు. ఆర్క్‌నెట్ కూడా టోకెన్‌దే, కాకపోతే వంతు కంప్యూటర్ల నంబర్ల వరసలో నడిచేది.

పద్ధతిగా ఉన్నదే ఓడిపోయింది! టోకెన్ రింగ్ కార్డులు ఖరీదు. ఈథర్‌నెట్ సరుకు చాలా కంపెనీలు చేయడంతో చవకైంది. పైగా ఐబీఎం 1978లోనే మన దేశం వదిలి వెళ్లింది, టాటాలతో కలిసి తిరిగొచ్చింది 1992లో. అప్పటికే, 1990లో, టెలిఫోన్ తీగలాంటి మెలితిప్పిన జతల మీద నడిచే ఈథర్‌నెట్ ప్రమాణం వచ్చేసింది.

గోడలో ఉన్నది ఆ జతల తీగే అయి, మీద క్యాట్ 5ఈ అని ఉంటే పీకొద్దు. 100 మీటర్ల వరకు 1 గిగాబిట్ మోస్తుంది. పాత హబ్ తీసేసి స్విచ్ పెడితే ఢీకొనే గొడవ కూడా పోతుంది. అయితే గిగాబిట్‌కు నాలుగు జతలూ కావాలి. పాత పనివాళ్లు రెండు జతలే బిగించి వదిలేసి ఉంటే 100 మెగాబిట్ల దగ్గరే ఆగుతుంది. డబ్బు చేతిలో పెట్టేముందు టెస్టర్‌తో ఎనిమిది తీగలూ మీ ఎదుటే చూపించమనండి.